పెరటి చెట్టు మందుకి పనికొస్తుందా?

పెరటి చెట్టు మందుకి పనికిరాదని మన సామెత. చేతికందే దూరంలో ఉన్నదాన్ని మనిషి లెక్కచెయ్యడని దాని భావం. అమెరికా వచ్చాక ఈ సామెత కొంచెం తిరగబడింది. ఇక్కడ చాలామంది తెలుగువాళ్ళ ఇంటి ముందున్న చెట్టు నిజంగానే మందుకీ పనికిరాదు, పచ్చడికీ పనికిరాదు. ఇల్లు కట్టిన బిల్డరు ఒక బ్రాడ్‌ఫర్డ్ పేర్ నాటి తన దారిన తను పోతాడు. అది వసంతంలో కొద్దిరోజులు తెల్లగా పూస్తుంది. గట్టి గాలి వస్తే నిలువునా చీలుతుంది. పిట్టలు దాని గింజల్ని మోసుకుపోయి పక్క బీడుల్లో ముళ్ళ తుప్పలు మొలిపిస్తాయి. చైనానుంచి తెచ్చిన ఈ కాలరీ పేర్ జాతి అమ్మకాన్ని ఒహాయో 2023లోనూ, పెన్సిల్వేనియా, సౌత్ కరొలైనా 2024లోనూ నిషేధించవలసి వచ్చింది. వేల ఏళ్ళుగా ఇదే నేలమీద మనుషుల కడుపు నింపిన చెట్లు, అంటే పావ్‌పా, పర్సిమన్, హికరీ, పెకాన్ లాంటివి, మామూలు నర్సరీలో వెతికినా కనపడటం కష్టం.

ఈ వ్యాసం ఆ చెట్ల మీద కంటె వాటిమీద వచ్చిన పుస్తకాల మీద. ఇక్కడి నేలలో పుట్టిన ఫలవృక్షాల్నీ, ఏటేటా విత్తక్కర్లేకుండా తమంత తాము మొలిచే కూరమొక్కల్నీ కలిపి ఒక చిన్న అడవిలా పెంచుకోవాలనే ఆలోచనకి అమెరికాలో పెద్ద సాహిత్యమే ఉంది. దాన్ని తోటపని పుస్తకాల అరలో పెడతారు గనక సాహిత్య విమర్శకుల చూపు అటు పడదు. నా ఉద్దేశంలో ఇవి పనిముట్ల పుస్తకాలు కావు. నేలకీ మనిషికీ ఉన్న సంబంధం ఏమిటి, ఎవరు ఎవరికోసం ఎదురుచూడాలి, వచ్చినవాడు ఎప్పటికి ఉన్నవాడవుతాడు అన్న ప్రశ్నలు వీటిలో ఉన్నాయి. పరాయి నేలమీద ఇల్లు కట్టుకున్న మనకి అంతకంటె దగ్గర ప్రశ్నలు లేవు. అందుకని మూడు పుస్తకాలు తీసుకుంటాను: జె. రస్సెల్ స్మిత్ రాసిన ‘ట్రీ క్రాప్స్’ (1929), డేవ్ జాకీ, ఎరిక్ టోన్స్‌మయర్ కలిసి రాసిన రెండు సంపుటాల ‘ఎడిబుల్ ఫారెస్ట్ గార్డెన్స్’ (2005), రాబిన్ వాల్ కిమ్మరర్ ‘బ్రెయిడింగ్ స్వీట్‌గ్రాస్’ (2013).

ముందు ‘పెర్మాకల్చర్’ అన్న మాట సంగతి. 1970లలో టాస్మేనియాలో బిల్ మాలిసన్, డేవిడ్ హోమ్‌గ్రెన్ ఈ మాటని తయారుచేశారు; వాళ్ళ మొదటి పుస్తకం 1978లో వచ్చింది. ‘పర్మనెంట్ అగ్రికల్చర్’ అన్న రెండు మాటల్ని కుదిస్తే వచ్చిన మాట అది. ఆ రెండు మాటలూ అంతకుముందే స్మిత్ పుస్తకానికి ఉపశీర్షిక. ఆయనకంటె ముందు, 1911లో, ఫ్రాంక్లిన్ కింగ్ చైనా, కొరియా, జపాన్ రైతుల మీద రాసిన పుస్తకం పేరులోనూ అవే ఉన్నాయి. అంటే ఇది ఆసియా రైతుల్ని చూసి అమెరికన్లు నేర్చుకుని, ఆస్ట్రేలియాలో పేరు పెట్టుకుని, తిరిగి మనకి పంపిన విద్య. 2017 నవంబర్‌లో పెర్మాకల్చర్ అంతర్జాతీయ సమావేశం హైదరాబాద్‌లో జరిగిందంటే చక్రం ఒక చుట్టు తిరిగిందన్నమాట.

1. కొండవాలు మీద ప్రొఫెసరు గారు

స్మిత్ కొలంబియా యూనివర్సిటీలో ఆర్థిక భూగోళశాస్త్రం చెప్పినాయన. ఆయన పుస్తకం చైనాలో కోతపడ్డ కొండల దృశ్యంతో మొదలవుతుంది. అడవి నరికి, వాలు దున్ని, వానకి మట్టి కొట్టుకుపోయాక మిగిలిన రాళ్ళూ గండ్లూ ఆయన చూశాడు. దానికి ఎదురుగా కోర్సికా ద్వీపపు కొండల్ని పెట్టాడు. అదే వాలు, అయితే అక్కడ చెస్ట్‌నట్ చెట్లు నిలబడి ఉన్నాయి, వాటి కింద పల్లెలు బతుకుతున్నాయి. ఈ రెండు బొమ్మల మధ్య ఆయన వాదన అంతా ఉంది. వాలు నేలని నాగలికి అప్పగించకూడదు, దానిమీద తిండి కాసే చెట్లు పెంచాలి, మనిషికి తిండీ పశువుకి మేతా వాటినుంచే రావాలి. మల్బరీ, పర్సిమన్, హనీ లోకస్ట్, ఓక్, వాల్‌నట్, పెకాన్, హికరీ ఒక్కొక్కదానికీ ఒక్కో అధ్యాయం రాసి లాయరులా వాదిస్తాడు.

పుస్తకం వచ్చిన కొన్నేళ్ళకే డస్ట్ బౌల్ దుమ్ము ఆయన భయం నిజమని చూపించింది. 1935లో ప్రభుత్వం నేల సంరక్షణకి ప్రత్యేక శాఖ పెట్టింది. కాని ఆ శాఖ పని ప్రధానంగా గట్లు వెయ్యటం, పంట మార్చటం, గడ్డి పెంచటం మీద సాగింది గాని చెట్లనుంచి తిండి తీసుకోవటం మీద కాదు. స్మిత్ మాట ఎందుకు చెల్లలేదు?

దానికి జవాబు పుస్తకంలోనే ఉందని నా అభిప్రాయం. స్మిత్ బలం ఒక్కో గొప్ప చెట్టుని పట్టుకోవటంలో ఉంది. ఫలానా చోట ఒక పర్సిమన్ చెట్టు ఇంత కాసింది, పందులు ఎగబడి తిన్నాయి అని మొదలుపెట్టి, అలాంటి చెట్లు కొండంతా ఉంటే ఎంత పండుతుందో మన ఊహకి వదిలేస్తాడు. గొప్ప చెట్టుని వెతికి అంటుకట్టాలన్న ఆయన సలహా సరైనదే. కాని చెట్టు కాపు సగటుకి లొంగేది కాదు. హికరీ, ఓక్, పెకాన్ చెట్లు ఒక ఏడు విరగకాసి, తరవాత రెండు మూడేళ్ళు చేతులు ముడుచుకుంటాయి. ఏటేటా అప్పు వాయిదా కట్టే రైతుకి ఈ లెక్క కుదరదు.

రెండోది ఇంతకంటె పెద్దది. విత్తునుంచి పెరిగిన షాగ్‌బార్క్ హికరీ చెప్పుకోదగ్గ కాపు కాయటానికి సుమారు 40 ఏళ్ళు. అన్నాళ్ళు ఎదురుచూసేది ఎవరు? నేల సొంతమైనవాడు చూస్తాడు. కౌలురైతు చూడడు. గుంటూరు జిల్లాలో గాని కరీంనగర్ జిల్లాలో గాని ఏడాది కౌలుకి పొలం చేసేవాణ్ణి గట్టుమీద మామిడి మొక్క ఎందుకు పెట్టలేదని అడిగితే నవ్వుతాడు. కాయ కాసేనాటికి పొలం ఎవరిదో! స్మిత్ నేలకోత గురించి అంత రాశాడు గాని కౌలు కోత అంత లోతుగా చూడలేదు. చెట్టు ముందుగా హక్కు అడుగుతుంది, నీళ్ళు ఆ తరవాత అడుగుతుంది.

ఇది మనకీ తగులుతుంది. విత్తునుంచి పావ్‌పా కాపుకి రావటానికి 5 నుంచి 8 ఏళ్ళు పడుతుంది. హెచ్-1బి వీసా మామూలు గడువు 6 ఏళ్ళు. గ్రీన్‌కార్డు వరసలో నిలబడి ఏటా, మూడేళ్ళకోసారీ పొడిగింపులు తెచ్చుకునేవాడు కూడా ఒక రకం కౌలుదారే. వాడు కుండీలో కరివేపాకు పెంచి, చలికాలం రాగానే గరాజ్‌లోకి మోస్తాడు. కుండీని ఎత్తుకుపోవచ్చు, చెట్టుని ఎత్తుకుపోలేం. మన పెరడుల్లో చెట్లు తక్కువై కుండీలు ఎక్కువ కావటానికి రుచి ఒక్కటే కారణం కాదని స్మిత్‌ని చదివాకే నాకు తోచింది. తను రాయని సంగతిని చూపించటం కూడా మంచి పుస్తకం చేసే పనే.

2. వెయ్యి పేజీలకి పైగా పట్టికలూ, లేని వంటిల్లూ

స్మిత్‌ది కొండ, జాకీ, టోన్స్‌మయర్లది పెరడు. ‘ఎడిబుల్ ఫారెస్ట్ గార్డెన్స్’ రెండు సంపుటాలూ కలిపి వెయ్యి పేజీలు దాటతాయి. మొదటిది సిద్ధాంతం, రెండోది ఆచరణ. ఎత్తు చెట్టు, దాని కింద పొట్టి చెట్టు, దాని కింద పొద, తరవాత కూరమొక్క, నేలని కప్పే తీగ, లోపల దుంప – ఈ అంతస్తుల్లో ఏది దేనికి నీడ ఇస్తుంది, ఏది నేలకి నత్రజని ఇస్తుంది, ఏది తేనెటీగలకి పువ్వు ఇస్తుంది అన్నది ఇంత శ్రద్ధగా రాసిన పుస్తకం మరొకటి నేను చూడలేదు. ఏ ప్రాజెక్టుకైనా ఇలాంటి డాక్యుమెంటేషన్ దొరికితే మనం పండగ చేసుకుంటాం. టోన్స్‌మయర్ దీన్ని చేసి కూడా చూపించాడు. మాసచూసెట్స్‌లోని హోల్యోక్ ఊళ్ళో ఎకరంలో పదోవంతు, అంటే మన లెక్కలో 484 గజాల స్థలంలో, పాడుపడ్డ మట్టిమీద మిత్రుడితో కలిసి తోట వేసి, ఆ కథని ‘పారడైజ్ లాట్’ (2013) అనే పుస్తకంగా రాశాడు. నేలలేదు, స్థలం చాలదు అనేవాళ్ళు అది చదవాలి.

ఈ అంతస్తుల తోట ఆలోచనని ఇంగ్లీషు పాఠకులకి పరిచయం చేసినవాడు రాబర్ట్ హార్ట్. ఇంగ్లండులోని ష్రాప్‌షైర్‌లో తోట వేసుకున్న గాంధేయవాది ఆయన. ఆయనకి స్ఫూర్తి ఇచ్చినవాటిలో కేరళ ఇళ్ళ పెరడులు ఒకటి. కొబ్బరి, దానిమీద పాకే మిరియం, కింద అరటి, అల్లం, కంద ఉండే పెరడు. కోనసీమలో పుట్టినవాళ్ళకి ఈ బొమ్మ కొత్తది కాదు. పెరటి చెట్టు మందుకి పనికిరాదని మనం అనుకుంటూ ఉండగా అది ష్రాప్‌షైర్ మీదుగా మాసచూసెట్స్ చేరి, కలప బీరువాలో పెట్టుకోదగ్గ రెండు అట్టల పుస్తకమై మనకే అమ్ముడవుతోంది. దీనికి కోపం తెచ్చుకోనక్కర్లేదు. సంగతి తెలిస్తే చాలు.

నా అసలు ఫిర్యాదు వేరు. ఈ పుస్తకంలో ప్రతి మొక్కకీ పట్టికలో గడులున్నాయి: ఎంత చలి తట్టుకుంటుంది, ఎంత నీడ కోరుతుంది, ఏ భాగం తినొచ్చు, రుచికి ఎంత మార్కు. కాని మొక్క తినదగ్గది కావటం వేరు, తిండి కావటం వేరు. ఆ రెంటికీ మధ్య ఒక వంటిల్లుంది, వంటింట్లో ఒక మనిషుంది, ఆ మనిషికి ఒక అలవాటుంది. అపియాస్ అనే తీగ ఉదాహరణకి తీసుకుందాం. ఇక్కడ దాన్ని గ్రౌండ్‌నట్ అంటారు, మన వేరుశనగ కాదు. తూర్పు అమెరికా వాగుల పక్క పెరుగుతుంది. వేళ్ళకి దండలో పూసల్లా దుంపలు కడుతుంది. బంగాళాదుంప కంటె ప్రోటీన్ ఎక్కువ. పచ్చిది తినకూడదు, బాగా ఉడకాలి. పట్టిక ఇంతవరకూ చెప్పి ఊరుకుంటుంది. ఉడికాక తొక్క తీసి తాలింపు పెడితే చామదుంపలా ఉంటుందా, పులుసులో ఆగుతుందా? ఆ ప్రశ్న పుట్టిననాడే అది మన ఇంటి మొక్క అవుతుంది.

మన వైపు ఈ విద్య ఎలా బతికిందో జహీరాబాద్ ప్రాంతం చూపిస్తుంది. 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో పనిచేసిన దళిత మహిళా రైతులు ఎవరూ విత్తని, ఎవరూ నీళ్ళు పెట్టని ఆకుకూరల్ని పంటతో సమానంగా లెక్కపెట్టారు. జొన్నచేలో కలుపు తీసేటప్పుడు కొంగులో వేసుకొచ్చే కూరలవి. ఏ కూర ఏ వానకి మొలుస్తుంది, లేతది ఎప్పుడు కొయ్యాలి, దేన్ని పప్పులో వెయ్యాలి అన్నది వాళ్ళకి కంఠతా ఉంది. వ్యవసాయ శాఖ లెక్కలో అవి కలుపు. కలుపుమందు కొట్టినచోట అవి పోతాయి, వాటితో పాటు వాటి పేర్లూ పోతాయి. అంటే ఈ విద్య పట్టికలో కంటె పనిలో, కూలి చేసే ఆడవాళ్ళ చేతిలో ఉంది. జాకీ, టోన్స్‌మయర్లు తోటలో శ్రమ తగ్గించటం ఎలాగో చక్కగా చెప్పారు. ఎవరి శ్రమలో జ్ఞానం పుడుతుందో చెప్పటానికి వాళ్ళ పట్టికలో గడి లేదు.

మన ఇళ్ళలో ఒక అవకాశం ఉంది. ఆరు నెలలకి వచ్చే అమ్మకో అత్తగారికో డ్రైవ్‌వే పగుళ్ళలో మొలిచిన గంగవాయల కూర చూడగానే తెలుస్తుంది. కొందరిళ్ళలో దాన్ని పావిలి కూర అంటారు. టొమాటో మడిలో వచ్చే చక్రవర్తి కూరా తెలుస్తుంది. మనం దాన్ని కలుపని పీకి చెత్తలో వేస్తాం. ఇందులో జాగ్రత్త కూడా ఉంది. గంగవాయలతో పాటే దానిలాగే నేలమీద పాకే స్పర్జ్ అనే మొక్క ఉంటుంది, అది తినకూడదు. తెంపితే పాలు కారితే అది గంగవాయల కాదు. లాన్‌కి మందు కొట్టినచోట ఏ ఆకూ తినకూడదు. అడవి ఉల్లి జాతి ర్యాంప్స్ ఆకుని పోలిన విషపు మొక్కలు కూడా ఇక్కడి అడవుల్లో ఉన్నాయి. ఇలాంటివి బొమ్మ చూసి నేర్చుకుంటే ప్రమాదం, పక్కన నిలబడి చూపించేవాళ్ళు కావాలి. పుస్తకం ఎంత గొప్పదైనా పక్కన నిలబడలేదు.

3. మర్యాద వ్యాకరణంలో ఉంటుందా?

కిమ్మరర్ ఈ లోటు తెలిసిన రచయిత్రి. ఆమె న్యూయార్క్ రాష్ట్ర విశ్వవిద్యాలయపు అటవీశాస్త్ర కళాశాలలో వృక్షశాస్త్ర అధ్యాపకురాలు, పొటవాటమీ జాతి మనిషి. ఆమె పుస్తకం 2013లో చిన్న ప్రచురణ సంస్థనుంచి వచ్చి, నోటిమాటగా పాకి, ఏడేళ్ళ తరవాత 2020లో బెస్ట్‌సెల్లర్ జాబితా ఎక్కింది. ఈ మూడింటిలో వాక్యం కోసం చదవదగ్గది ఇదొక్కటే.

స్మిత్‌కి పెకాన్ ఒక పంట. కిమ్మరర్‌కి అది ఇంటి కథ. ఆమె జాతిని 1838లో ఇండియానా నుంచి సైనికుల కాపలాలో కాన్సాస్‌కి నడిపించారు, తరవాత ఓక్లహోమాకి తోలారు. దారిలో ఊరు మారింది, చెట్లు మారాయి. కొత్తచోట దొరికిన గింజే పెకాన్. పెకాన్ చెట్లన్నీ కూడబలుక్కున్నట్టు ఒకే ఏడు కాయటాన్ని ఆమె ఆ చరిత్ర పక్కన పెట్టి చెప్తుంది. ఒక్కటొక్కటిగా కాస్తే ఉడతలు మొత్తం తినేస్తాయి, కలిసి కాస్తేనే కొన్ని గింజలు మొలకకి మిగులుతాయి. స్మిత్ లెక్కకి లొంగని సంగతి ఆమె చేతిలో రాజనీతి అయింది.

భాష సంగతీ అంతే. హికరీ అన్న మాట వర్జీనియా తీరపు పౌహాటన్ భాషనుంచి వచ్చింది, అక్కడ అది గింజల్ని దంచి తీసే పాలకి పేరు. పర్సిమన్, పెకాన్ కూడా ఆ అల్గాంక్వియన్ కుటుంబపు మాటలే. చెట్టు పేరు లోపల వంటిల్లు దాగి ఉంది. మాట్లాడేవాళ్ళని వెళ్ళగొట్టినా మాట నేలమీద మిగిలింది.

కిమ్మరర్ ఇంకో అడుగు వేస్తుంది. ఇంగ్లీషులో చెట్టుని ‘ఇట్’ అంటారు గనకే నరకటం తేలికైంది, పొటవాటమీలో చెట్టు ప్రాణి గనక ప్రాణికి తగిన క్రియ వాడతారు, ఆ వ్యాకరణంలోనే మర్యాద ఉంది అని ఆమె వాదన సారాంశం. అందమైన వాదన. తెలుగువాడిగా నాకు ఇక్కడే పేచీ వచ్చింది. చిన్నయసూరి మనకి చెప్పిన మహత్తు, అమహత్తు విభాగం ఒకసారి గుర్తు చేసుకోండి. ‘చెట్టు పడింది’, ‘ఆమె పడింది’: ఏకవచనంలో ఆడమనిషికీ చెట్టుకీ మనకి ఒకటే క్రియ. దీన్నిబట్టి మనం చెట్టుని మనిషంత గౌరవించామనాలా, ఆడమనిషిని చెట్టంత తక్కువ చేశామనాలా? వ్యాకరణం రెంటికీ సాక్ష్యం చెప్తుంది. అదే భాషలో గోదారమ్మ ఉంది, వేపచెట్టుకి పసుపూ కుంకుమా ఉన్నాయి. అదే భాష మాట్లాడుతూ ఆ గోదారి ఒడ్డు అడవుల్ని నరికాం. మర్యాద వ్యాకరణంలో దాక్కుని మనల్ని కాపాడదు. దాన్ని ఎవరో రోజూ పాటించాలి.

కిమ్మరర్‌కి కూడా ఇది తెలుసు. పుస్తకంలో బలమైన ఘట్టం వ్యాకరణం మీద లేదు, ప్రయోగం మీద ఉంది. బుట్టలల్లేవాళ్ళు కోసే స్వీట్‌గ్రాస్ గడ్డి కొన్ని చోట్ల తగ్గిపోతోంది. కోత వల్లనా? ఆమె విద్యార్థిని మళ్ళు వేసి చూసింది. పరిశోధన మొదట్లో అధ్యాపకులు పెదవి విరిచారు, కోస్తే తగ్గుతుందని అందరికీ తెలిసిందేగా అని. తీరా చూస్తే పద్ధతిగా కోసిన మళ్ళు నిండుగా పెరిగాయి, అసలు చెయ్యి వెయ్యని మడి డీలా పడింది. ముట్టుకోకపోవటమే రక్షణ అన్న నమ్మకానికి ఇది గట్టి దెబ్బ. అయితే ఇది గడ్డికి నిజమైనంత మాత్రాన అన్నిటికీ నిజం కాదు. ర్యాంప్స్ గింజనుంచి పెద్దదవటానికి సుమారు ఏడేళ్ళు పడుతుంది. రెస్టరెంట్ల మోజులో వాటిని దుంపతో సహా పెరికెయ్యటం వల్ల క్విబెక్ 1995లో వాటి అమ్మకాన్ని నిషేధించింది. ఏ మొక్క కోతకి తట్టుకుంటుందో, ఏది తట్టుకోదో పక్కనుండి గమనించినవాడికే తెలుస్తుంది. కిమ్మరర్ పాఠకులు చాలామంది కృతజ్ఞత దగ్గర ఆగిపోయి గమనించటం దాకా రారు. ఆ తప్పులో కొంత ఆమె తియ్యటి వచనానిది కూడా.

4. నాటుకున్నవాళ్ళు

ఇక మనకి అన్నిటికంటె దగ్గరగా వచ్చే అధ్యాయం. వలస వచ్చినవాళ్ళు ఈ నేలకి ఆదివాసులు కాగలరా అని కిమ్మరర్ ప్రశ్న వేసుకుంటుంది. కాలేరు అంటుంది. కాని ఒక మొక్కని చూపిస్తుంది: ప్లాంటేన్. కూర అరటి కాదు, డ్రైవ్‌వే పక్కన నేలకి అంటుకుని పెరిగే వెడల్పాకుల మొక్క. యూరప్ మనుషుల వెంట వచ్చి వాళ్ళ అడుగు పడ్డచోటల్లా మొలిచింది. అయినా ఎవర్నీ తొక్కెయ్యలేదు, గాయానికి మందయింది, చిన్నచోట సర్దుకుంది. అదే దారిలో వచ్చి అడవుల్ని మింగేసిన మొక్కలూ ఉన్నాయి. వలసవాడు ప్లాంటేన్‌లా నాటుకోవాలి, నాచురలైజ్ కావాలి అని ఆమె సలహా.

మనలో ఎన్-400 ఫారం నింపినవాళ్ళందరికీ ఆ మాట తెలుసు. కిమ్మరర్ దాన్ని దరఖాస్తునుంచి తీసి మట్టిలో పెట్టింది. సంతకంతో వచ్చేది పౌరసత్వం, పిల్లల భవిష్యత్తు ఇక్కడే ఉందన్నట్టు ఈ నేలని చూసుకోవటంతో వచ్చేది నాటుకోవటం. ఇది గొప్ప మాట. కాని ఆమె మనసులో ఉన్న వలసవాడు నేల ఆక్రమించుకున్నవాడు. వాడు తుపాకీతో వచ్చాడు, వాడికి నీతి ఒక్కటే తక్కువైంది. ఇవాళ వచ్చేవాడికి నీతి ఉన్నా అనుమతి కావాలి. పదేళ్ళు దాటినా వరసలోనే నిలబడ్డవాణ్ణి భవిష్యత్తంతా ఇక్కడే ఉన్నట్టు బతకమంటే ఎలా? ఆ మాట వాడికి కూడా చెప్పాలంటే ప్లాంటేన్ చాలదు. స్మిత్ వదిలేసిన కౌలుదారు ప్రశ్నే కిమ్మరర్ దగ్గర మళ్ళీ తలెత్తింది, ఆమె కూడా దాన్ని దాటిపోయింది. ఈ సాహిత్యమంతటికీ ఉన్న పెద్ద లోటు ఇదేనని నా అభిప్రాయం.

‘స్థానికం’ అన్న మాటతో కూడా జాగ్రత్త అవసరం. మన గోంగూర పచ్చడి తీసుకోండి. గోంగూర మూలం ఆఫ్రికా, మిరప మూలం అమెరికా. ఊరి మధ్య చింతచెట్టు కూడా ఆఫ్రికా జాతే. పుట్టుక లెక్క తీస్తే మన వంటింట్లో సగం గిన్నెలు ఖాళీ. అలాగని పుట్టుక అబద్ధమనీ కాదు. ఆసియానుంచి తెచ్చిన చెస్ట్‌నట్ మొక్కల వెంట వచ్చిన బూజు 1904లో న్యూయార్క్‌లో కనపడింది. అరవై ఏళ్ళు తిరక్కుండా అమెరికన్ చెస్ట్‌నట్ చెట్లు వందల కోట్లలో చచ్చాయి. జీబ్రా స్వాలోటెయిల్ అనే సీతాకోకచిలుక గొంగళి పావ్‌పా జాతి ఆకు తప్ప మరొకటి తినదు. పావ్‌పా పోతే అదీ పోతుంది. కాబట్టి చెట్టుని నువ్వెక్కడివాడివని అడగటం కంటె, నీమీద ఎవరు బతుకుతున్నారని అడగటం మేలు. మనిషినీ అంతే.

ఇంతకీ ఈ పావ్‌పా ఎవరనుకున్నారు? మన సీతాఫలం కుటుంబం. ఉష్ణదేశాల ఆ కుటుంబంలోంచి చలి తట్టుకుని మిషిగన్, ఒంటారియోల దాకా వచ్చిన శాఖ. గుజ్జు కస్టర్డ్‌లా, వాసన అరటీ మామిడీ కలిసినట్టు ఉంటుంది. గింజా తొక్కా తినకూడదు, కొందరికి గుజ్జు కూడా పడదు, మొదటిసారి కొంచెమే తినాలి. పండితే రెండు మూడు రోజులకంటె ఆగదు గనకే దుకాణాలకి రాదు. కెంటకీ స్టేట్ యూనివర్సిటీ 1990నుంచి దీనిమీద పరిశోధన చేస్తోంది. పెంచాలంటే ఒకదానికొకటి చుట్టం కాని రెండు చెట్లు కావాలి, గింజని ఎండనివ్వకుండా మూడు నాలుగు నెలలు తడి చలిలో ఉంచాలి, లేతమొక్కకి నీడ ఇవ్వాలి. పర్సిమన్ మన తునికికి చుట్టం, బీడీ ఆకు చెట్టు జాతి. పచ్చిది నోరు పట్టేసేంత వగరు, బాగా మెత్తబడితే బెల్లం. అందులో సాధారణంగా మగచెట్టు వేరు, ఆడచెట్టు వేరు.

సీతాఫలం, రామాఫలం రెండూ అమెరికా ఖండాలనుంచి మనకి వచ్చినవే. ఎక్కడిదో పండు పెరట్లోకి వస్తే మనవాళ్ళు దానికి సీతమ్మ పేరు పెట్టుకున్నారు, ఎవరి అనుమతీ అడగలేదు. అడవుల్లో, గుట్టల మీద అది తనంత తాను మొలిచే దాకా నాటుకుంది. తెలుగులో ఈ చెట్లమీద పుస్తకం ఇంకా రావలసి ఉంది. వస్తే అందులో స్మిత్ ఓపిక, జాకీ, టోన్స్‌మయర్ల పట్టికలు, కిమ్మరర్ చూపు ఉండాలి. వాటితో పాటు ఆ మూడింటిలో లేనివి రెండు ఉండాలి: ఏ కూరలో ఏది వెయ్యాలో తెలిసిన ఆడవాళ్ళ మాట, చెట్టు కాసేనాటికి తను ఇక్కడ ఉంటాడో లేదో తెలియక కూడా నాటినవాడి కథ. అలా నాటినవాళ్ళు మనలో ఉన్నారు. ఇల్లు అమ్మి వేరే ఊరు పోయినా వాళ్ళ చెట్లు కాస్తూనే ఉంటాయి, తరవాత వచ్చినవాళ్ళు తింటారు. ఆ చెట్లకి తెలుగు పేర్లు పెట్టే పని మాత్రం మనది.